పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదు

పలాసలో మా పెదనాన్న జీడిపప్పు వ్యాపారం చేస్తారు. పాత లెక్కల ప్రోగ్రాం నుంచి తీసిన టెక్స్ట్ ఫైలు పంపి, "గ్రేడు వారీగా బరువులు కూడి పంపించు బాబూ" అన్నారు. తెరిచి చూస్తే గందరగోళం. పేజీ పేజీకీ దుకాణం పేరు, గీతలు. డబ్ల్యు 320 (పౌనుకు సుమారు 320 పప్పులు తూగే రకం) ఒకచోట కలిపి, మరోచోట విడదీసి. కొన్నిసార్లు గ్రేడు ఒక వరుసలో, బరువు కింది వరుసలో!

ఫ్లెక్స్‌తో (టెక్స్ట్‌లో మనం చెప్పిన నమూనాలను వెతికి పట్టే ప్రోగ్రాంను తయారుచేసిపెట్టే పనిముట్టు) చేస్తానంటే మిత్రుడు నవ్వాడు. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా? అది కంపైలర్లు, అంటే ప్రోగ్రాంలను యంత్రభాషలోకి మార్చేవి, రాసేవాళ్లది కదా!"

ఒళ్లు మండింది. కాలేజీలో ఫ్లెక్స్‌కు మాతృక అయిన లెక్స్‌ను, కంపైలర్ల తయారీలో వాడే యాక్‌తో జంటకట్టి, టోకెన్ (కంపైలర్ విడదీసి చూసే ఒక్కో ముక్క) నిర్వచనం బట్టీ పట్టించి వదిలేసినందుకు వచ్చిన తెగులు ఇది. 1975లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ (అవును, తర్వాత గూగుల్‌ను నడిపిన ఆయనే) లెక్స్ గురించి రాసిన పత్రంలో మొదటి ఉదాహరణ ఏమిటో తెలుసా? వరుసల చివర మిగిలిన ఖాళీలను తుడిచేయడం. ప్రోగ్రాం మొత్తం రెండే వరుసలు!

ఎడమవైపు నమూనా, కుడివైపు అది కనిపిస్తే చేయాల్సిన పని సీ భాషలో (ఈ జంటే ఒక నియమం). అంతే. వరుస మారడం కూడా దానికి మరో అక్షరమే కాబట్టి, విరిగిన గ్రేడు, బరువు ఒకే నమూనాలో దొరికాయి. వరుస వరుసగా చదివే పనిముట్లతో అయితే ఇక్కడే జుట్టు పీక్కోవాలి.

నేనూ తప్పు చేశాను. మిగిలిన చెత్తంతా పారేయడానికి చిట్టచివర చుక్క (వరుసలో ఏదో ఒక్క అక్షరం), దాని పక్కన నక్షత్రం (అలాంటివి ఎన్నయినా) పెట్టాను. మొత్తం సున్నా వచ్చింది! ఫ్లెక్స్‌లో ఎక్కువ పొడవున పట్టుకున్న నియమానిదే గెలుపు. ముందు రాసినది నెగ్గేది పొడవులు సమానమైనప్పుడే. నా చుక్క-నక్షత్రం వరుసలకు వరుసలే మింగేసింది. నక్షత్రం తీసేశాను, లెక్క కుదిరింది.

తెలుగు విషయంలో మాత్రం ఫ్లెక్స్‌ను వెనకేసుకురాను. దానికి తెలిసింది బైట్లే (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలు). అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'జీ' ఆరు బైట్లు, చుక్క పట్టేది ఒక్కటి. కొనుగోలుదారుల పేర్లలో మొదటి అక్షరం తీద్దామంటే పిచ్చి గుర్తులొచ్చాయి. ఆ పని పైథాన్ భాషకు అప్పగించాను, సిగ్గేమీ లేదు.

సాయంత్రం పెదనాన్న ఫోను చేశారు. "ముక్కపప్పు లెక్క వేరుగా లేదేమిటి?"

ఇంకో నియమం చేర్చాను. ఒక్క వరుస.