సర్వర్ నాది, పాస్‌వర్డ్ బాబాయిది

ఏ సాఫ్ట్‌వేర్‌నైనా సొంత సర్వర్ మీద నడుపుకుంటే గోప్యతకు ఢోకా ఉండదని మొన్నమొన్నటి వరకు నేనూ గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే, ఎవరి గోప్యతకు అని అడుగుతున్నాను.

నెకో అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. జపనీస్ భాషలో ఆ మాటకు పిల్లి అని అర్థం. నలుగురూ కలిసి ఒకే బ్రౌజర్‌లో వీడియోలు చూసేందుకు వీలు కల్పించిన రాబిట్ అనే సేవ 2019లో మూతపడ్డాక, ఆ లోటు తీర్చుకోవడానికి వచ్చినది ఇది. ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమియం గానీ మన సర్వర్‌లోని డాకర్ కంటైనర్‌లో, అంటే మిగతా వాటితో కలవకుండా విడిగా ఉండే పెట్టెలాంటి దానిలో, నడుస్తుంది; దాని తెర, ధ్వని వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లకు వీడియోను, ధ్వనిని అప్పటికప్పుడు పంపే పద్ధతి) ద్వారా అందరికీ చేరతాయి; మౌసు, కీబోర్డు మాత్రం ఒక్కోసారి ఒక్కరి చేతిలోనే ఉంటాయి.

పెట్టుకోవడం అంత తేలికేమీ కాదు. మా ఇంటి కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా, లేదు కనుక నాలుగు కోర్‌ల సర్వర్‌ను అద్దెకు తీసుకున్నాను. పేజీ తెరుచుకుని, లాగిన్ అయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతే తప్పు చాలావరకు ఫైర్‌వాల్‌లోనే, అంటే సర్వర్‌కు కాపలా కాసే వడపోతలోనే, ఉంటుంది: చిత్రం యూడీపీ పోర్టులనే ప్రత్యేక ద్వారాల గుండా రావాలి, నేను వాటిని తెరవలేదు. డాకర్ మామూలుగా ఇచ్చే 64 ఎంబీ షేర్డ్ మెమరీ (బ్రౌజర్‌లోని భాగాలు ఉమ్మడిగా వాడుకునే జ్ఞాపకశక్తి) చాలక ట్యాబ్‌లు కూలిపోతుంటే దాన్ని 2 జీబీకి పెంచాను. ఇంత శ్రమపడ్డ నేను, నెకోతో వచ్చే నమూనా ఫైల్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లను మాత్రం వారం రోజులు మార్చలేదు.

మా చెల్లెలి పెళ్లికి ఫంక్షన్ హాలు చూద్దామని డాలస్‌లోని అక్క, రాజమండ్రిలోని బాబాయి, హైదరాబాదు నుంచి నేను అందులో కలిశాము. హాలు వాళ్లు మెయిల్‌లో పంపిన ధరల పట్టిక చూపిస్తానని బాబాయి కంట్రోల్ తీసుకుని, అక్కడే తన జీమెయిల్ పాస్‌వర్డ్ కొట్టారు. అందరూ వెళ్లిపోయినా ఆ బ్రౌజర్ తనంతట తాను మూతపడదు. మర్నాడు ఉదయం నేను తెరిచి చూస్తే ఆయన ఇన్‌బాక్స్ అలాగే ఉంది, ఎల్ఐసీ ప్రీమియం రసీదుతో సహా.

ఆయనే జాగ్రత్తగా ఉండవలసిందని ఒక మిత్రుడు అన్నాడు. నేను ఒప్పుకోను. బ్యాంకు సైటయినా, మెయిలయినా అడ్రస్ పట్టీలో తాళం గుర్తు చూడమని ఇన్నేళ్లుగా పెద్దవాళ్లకు మనమే నేర్పాము. ఈ బ్రౌజర్‌లోనూ ఆ గుర్తు కనిపిస్తుంది, కానీ అది హామీ ఇచ్చేది నా సర్వర్‌కూ గూగుల్‌కూ మధ్య దారికి మాత్రమే. ఆయన నొక్కిన ప్రతి అక్షరమూ ముందు నా సర్వర్‌కు చేరి, అక్కడి బ్రౌజర్‌లో పడింది. నేను తలచుకుంటే వాటిని దాచిపెట్టుకునే అవకాశం నాకు ఉంది. ఈ తేడా చెప్పవలసింది పిలిచినవాడే, పిలుపు అందుకున్నవారు కాదు. లింకు పంపేటప్పుడు నేను అందులో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇప్పుడు ప్రతి సమావేశం ముగియగానే కంటైనర్‌ను తీసేసి, మళ్లీ కావలసినప్పుడు కొత్తది సృష్టిస్తున్నాను. లాగిన్ అవసరమయ్యే పని ఏదైనా ఉంటే ఎవరి ఫోన్‌లో వారే చేసుకోమంటున్నాను.

పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పడానికి ఫోన్ చేస్తే, "మనింట్లోదే కదరా, నువ్వు చూస్తే ఏమవుతుంది?" అన్నారు బాబాయి. ఆ సర్వర్‌ను నాకు అద్దెకిచ్చినవాళ్లు మనింటివాళ్లు కారని ఆయనకు వివరించేసరికి మరో అరగంట పట్టింది.