హెయిర్‌కట్ అట!

ఇచ్చిన అప్పులో పెద్ద ముక్క వదులుకోవాల్సి వస్తే దాని ముద్దుపేరు హెయిర్‌కట్! గ్రీస్ ప్రభుత్వ బాండ్లు (అప్పు పత్రాలు) కొన్న ప్రైవేటు మదుపరులకు 2012లో ముఖ విలువలో, అంటే పత్రం మీద రాసిన అసలులో, 53.5 శాతం కోత పడింది. అది కటింగా? నున్నటి గుండు కదూ! (క్షవరమైతే గానీ వివరం తెలియదనే మన సామెతే నయం.)

పోనీ ఒకటే అర్థమా అంటే అదీ కాదు. షేర్లు తాకట్టు పెడితే, రేపు ధర పడిపోతుందేమోనని వందను ఎనభైగానే లెక్కగడతారు. ఆ ఇరవై కూడా హెయిర్‌కట్టే. ఎవరూ మునగలేదు, అది ముందుజాగ్రత్త అంతే.

మొన్న చేబదులు తీసుకున్న మిత్రుడు సగమే చేతిలో పెట్టి, "చిన్న హెయిర్‌కట్ అనుకోరా" అన్నాడు. జుట్టయితే నెలకి పెరుగుతుందిరా, నా డబ్బో?