మొదటి అంకె ఎక్కడ పుట్టాలి?

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు కొద్ది దూరంలో ఉన్న ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో, విభాగానికొకటిగా నడుస్తున్న రిజిస్టర్లనూ ఎక్సెల్ షీట్లనూ పక్కన పెట్టి లెక్కలన్నింటినీ ఒకే ఈఆర్పీ (అన్ని విభాగాల పనినీ ఒకే చోట నమోదు చేసే సాఫ్ట్‌వేరు) కిందికి తేవాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకు వెళ్లబోతోంది. ముప్పై ఏళ్లుగా ప్లాంటు నడుపుతున్న ప్రొడక్షన్ మేనేజరుకూ, ఆ ప్రతిపాదన రాసిన సిస్టమ్స్ మేనేజరుకూ మధ్య జరిగిన వాదన ఇది. నా మొగ్గు సిస్టమ్స్ మేనేజరు వైపే. అయినా ప్రొడక్షన్ మేనేజరు చివర అడిగిన ప్రశ్నకు జవాబు దొరకకుండా ఏ సంస్థా సాఫ్ట్‌వేరు కొనకూడదని నా నమ్మకం.

ప్రొడక్షన్ మేనేజరు: అమ్మా, మీ ప్రతిపాదన పూర్తిగా చదివాను. అందులో మా రిసీవింగ్ షెడ్డు గురించి ఉన్నది ఒక్క పేరా. తెల్లవారుజామున లారీ వచ్చేసరికి క్రేట్లలోంచి ఐసు నీళ్లు కారుతుంటాయి, చేతులకు రబ్బరు గ్లవుజులుంటాయి, వాటి మీద క్లోరిన్ నీళ్లుంటాయి. నిరుడు మీరిచ్చిన ట్యాబ్లెట్టు ఆ తడి వేలికి పలకలేదు. మా సూపర్‌వైజరు బరువూ, కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చెప్పే కౌంటూ పలక మీద సుద్దతో రాసుకొని, షిఫ్టు దిగాక చేతులు తుడుచుకొని కంప్యూటర్లోకి ఎక్కించింది. అప్పటికప్పుడు వస్తుందని మీరు చెప్పిన సమాచారం, మీ తెర మీదికి వచ్చేసరికి చద్దిదైపోయింది.

సిస్టమ్స్ మేనేజరు: ఆ పలకను నేనూ చూశాను సార్. 40 అని రాసిన చోట సున్నా సగం చెరిగి ఉంది. ఆ ట్యాబ్లెట్టును ఎంచింది మేమే కాబట్టి తప్పు మాదే. కానీ తప్పు పరికరంతోనే ఆగలేదు. పాత పని వరసను అలాగే ఉంచి, దాని చివర ఒక కంప్యూటరును తగిలించాం. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో రాసిన వ్యాసంలో ఇదే చూపించాడు. అమెరికా కర్మాగారాలకు 1880ల నుంచే విద్యుత్తు అందుబాటులోకి వచ్చినా, చాలా చోట్ల ఆవిరి యంత్రం తీసి ఆ స్థానంలోనే ఒక పెద్ద మోటారు పెట్టి, పైకప్పు కింది పొడవాటి ఇరుసునూ బెల్టులనూ అలాగే ఉంచారు. యంత్రానికొక మోటారు పెట్టి, పని నడిచే క్రమాన్ని బట్టి షెడ్డునే మార్చి కట్టుకోవడం ఊపందుకున్నాకే, 1920లలో ఉత్పాదకత గట్టిగా పెరిగింది. మన పలక ఆ ఇరుసు లాంటిది.

ప్రొడక్షన్ మేనేజరు: ఇరుసు తీసేముందు అది దేన్ని మోస్తోందో చూసుకోవాలి కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటూ ఫోన్లూ పోయినప్పుడు, శీతల గిడ్డంగిలో ఏ లాట్ (ఒకసారి వచ్చిన సరుకు) ఏ అరలో ఉందో చెప్పింది రిజిస్టరే.

సిస్టమ్స్ మేనేజరు: ఆ వారం వాడిన రిజిస్టరు చెప్పింది. కిటికీ పక్క బీరువాలో ఉన్న అంతకు ముందు ఏడాది రిజిస్టర్లు తడిసి, పేజీలు అట్టలు కట్టాయి. ఐరోపా సమాఖ్య 178/2002 నిబంధన ప్రకారం అక్కడి వ్యాపారి సరుకు ఎవరి నుంచి వచ్చిందో, ఎవరికి వెళ్లిందో చూపగలగాలి. అందుకే ఏ పెట్టె ఏ చెరువుదని అతను మనల్ని అడుగుతాడు. చెరువులో రొయ్యల పట్టుబడికి ముందు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ ఎంపెడా వారి ఎలీసా పరీక్షల ల్యాబులో చేయించిన యాంటీబయాటిక్ పరీక్ష పత్రం ఒక ఫైల్లో, లాట్ నంబరు ఇంకో పుస్తకంలో ఉంటే, ఆ రెంటినీ కలపడానికి మనకు రోజులు పడుతోంది.

ప్రొడక్షన్ మేనేజరు: ఒప్పుకుంటాను. అయితే సాఫ్ట్‌వేరును మన పద్ధతికి తగ్గట్టు మార్పించుకోండి.

సిస్టమ్స్ మేనేజరు: జర్మనీకి చెందిన సూపర్‌మార్కెట్ల సంస్థ లిడిల్ అదే చేయబోయింది. నిల్వలను కొన్న ధరకు లెక్కగట్టడం వారి అలవాటు. వారు కొన్న శాప్ కంపెనీ ఈఆర్పీలో ప్రామాణిక విధానం అమ్మకపు ధరది. అలవాటు వదలక సాఫ్ట్‌వేరునే వంచుతూ పోయారు. ఏడేళ్ల తర్వాత, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక, 2018లో ఆ ప్రాజెక్టునే వదులుకున్నారు.

ప్రొడక్షన్ మేనేజరు: మరి అమెరికా చాక్లెట్ కంపెనీ హర్షీ సంగతో? 48 నెలల పనిని 30 నెలలకు కుదించి, 1999లో సరిగ్గా, పిల్లలకు మిఠాయిలు పంచే హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చే వేళ కొత్త వ్యవస్థను మొదలుపెట్టారు. గోదాముల్లో చాక్లెట్లుండీ సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను పంపలేకపోయారు. మీ పట్టికలో ప్రారంభ తేదీ వేసవి పట్టుబడులు ముమ్మరంగా ఉండే రోజుల్లో పడింది.

సిస్టమ్స్ మేనేజరు: ఆ తేదీ మారుస్తాను. ట్యాబ్లెట్టు కూడా వద్దు. కాటానే వ్యవస్థకు కలిపితే బరువు ఎవరి వేలూ తగలకుండా నేరుగా నమోదవుతుంది. కౌంటు మాత్రం సూపర్‌వైజరు పెద్ద మీటలున్న, నీరు చొరని కీప్యాడ్ మీద నొక్కుతుంది.

(ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. అసలు అభ్యంతరం తడి చేతుల గురించి కాదని నాకప్పుడు అర్థమైంది.)

ప్రొడక్షన్ మేనేజరు: కిలోకు 40 తూగితే ఒక ధర, 42 తూగితే ఇంకో ధర. లారీ దారిలో ఆగిపోయి ఐసు కరిగి సరుకు కాస్త నలిగినా, పదేళ్లుగా మనకే ఇస్తున్న రైతు అయితే మా వాళ్లు 42కు బదులు 41 అని రాస్తారు. ఆ రైతు వచ్చే పంట కూడా మనకే ఇస్తాడు. షెడ్డులోనే అంకె నేరుగా వ్యవస్థలోకి వెళ్లిపోతే ఆ ఒక్క కౌంటు వెసులుబాటు ఎవరి చేతిలో ఉంటుంది?

సిస్టమ్స్ మేనేజరు: సూపర్‌వైజరు చేతిలోనే. తూగిన అంకె మారదు. దాని పక్కన ఆమె ఇచ్చిన సడలింపు, కారణం, ఆమె పేరు ఉంటాయి. ఇప్పుడు ఆ నిర్ణయం సుద్దతో పాటు చెరిగిపోతోంది. ఎవరికి సడలించారో, ఎవరికి లేదో అడిగితే చెప్పగలిగేవారు లేరు.

ప్రొడక్షన్ మేనేజరు: ఆ కారణం రైతుకు కనబడుతుందా?

సిస్టమ్స్ మేనేజరు: కనబడాలనే నా కోరిక.

ప్రొడక్షన్ మేనేజరు: అయితే ఇది సాఫ్ట్‌వేరు కొనడంతో పోయేది కాదమ్మా. రైతుతో మన లావాదేవీ తీరే మారిపోతుంది. ఒకరికి సడలించినది పక్క చెరువు వాడికి తెలిస్తే, మరునాడు గేటు దగ్గర నిలబడి సమాధానం చెప్పవలసింది మా సూపర్‌వైజరే. ఆ మార్పు కావాలో వద్దో డైరెక్టర్లు తేల్చాలి. అమ్మకందారు తెచ్చే మాన్యువల్ తేల్చకూడదు.

సిస్టమ్స్ మేనేజరు: నేను ఆరు నెలలుగా వారి చేత చెప్పించాలని చూస్తున్నది ఆ మాటే సార్.

ప్రొడక్షన్ మేనేజరు: మీ కాగితంలో మొదటి పేజీ నిండా లైసెన్సుల ధరలే ఉన్నాయి. దాన్ని వెనక్కి జరిపి, ఆ స్థానంలో ఈ ప్రశ్న రాయండి. కింద నేనూ సంతకం పెడతాను.