23 బటన్లు మోస్తున్న యాక్షన్‌పర్‌ఫార్మ్‌డ్ గారికి

మహారాజశ్రీ యాక్షన్‌పర్‌ఫార్మ్‌డ్ గారి దివ్యసముఖమునకు,

పలాస జీడిపప్పు బిల్లింగ్ ఫారం నుంచి నమస్కరించి వ్రాయునది. జావాలో రాసిన ఈ ఫారంలో 23 బటన్లలో ఏది నొక్కినా నడిచే మెథడ్ తమరొక్కరే. నొక్కింది ఏ బటనో తేల్చే తమరి ఇఫ్, ఎల్స్ ఇఫ్‌ల వరస చూస్తే విజయనగరం సిరిమాను చిన్నబోతుంది.

కొట్టువారు అడిగారని నిన్న ‘సేవ్’ బటన్ మీద ‘భద్రపరచు’ అని రాశాం. అంతే, బిల్లు పడడం మానేసింది. నొక్కితే బటన్ దిగుతోంది, లేస్తోంది. ఎర్రర్ లేదు, లాగ్‌లో గీత లేదు, కంపైలర్ కిక్కురుమనలేదు. డేటాబేస్ వెతికాం. డబ్ల్యూ-320 గ్రేడు ధరలు మళ్లీ ఎక్కించాం. సాయంత్రం నాలుగింటికి దొరికారు తమరు! ఏ బటన్ నొక్కారో చెప్పే గెట్‌యాక్షన్‌కమాండ్ ఇచ్చిన మాటను ‘సేవ్’తో పోల్చి చూస్తున్నారు. ఆ మాటను సెట్‌యాక్షన్‌కమాండ్‌తో విడిగా రాయకపోతే అది బటన్ మీదున్న రాతే. ఆ రాతే దాని తలరాత అయింది. ఏ ఇఫ్‌లోనూ పడలేదు. ‘ఈ బటన్ ఎవరిదో తెలీదు’ అని అరవడానికి చివర ఒక్క ఎల్స్ అయినా లేదు తమరికి.

రిఫ్రెష్ చేసినప్పుడల్లా, బటన్‌కి లిజనర్‌ని (నొక్కు వినేవాణ్ణి) తగిలించే యాడ్‌యాక్షన్‌లిజనర్ మళ్లీ పిలిచి, ఒక్క నొక్కుకి రెండు బిల్లులు కొట్టిన ఘనత వేరే. ప్రింటింగ్ కూడా తమరి ఒళ్లోనే కాబట్టి, అది అయ్యేదాకా తెర మొత్తం బిగుసుకుపోతుంది. ఇలాంటి బరువు పనుల్ని తెర వెనక చేసిపెట్టే స్వింగ్‌వర్కర్ 2006 నుంచి జావాలోనే ఉంది, కబురు అందలేదేమో.

ఏట్రా ఇది? తమరూ లేదు, గిమరూ లేదు. 1997లో జావా 1.1 వచ్చినప్పుడే ఏ బటన్‌కి ఆ లిజనర్ పెట్టుకోవచ్చని తేలిపోయింది. సేవ్‌కి ఒక యాబ్‌స్ట్రాక్ట్‌యాక్షన్ (ఒక పనిని మూటగట్టే క్లాసు) రాసి, అదే బటన్‌కీ మెనూకీ కంట్రోల్-ఎస్‌కీ తగిలిస్తే, సెట్‌ఎనేబుల్డ్ ఫాల్స్ అని ఒక్కచోట అంటే మూడూ ఆగుతాయి. చిన్న బటన్‌కి లాంబ్డా (పేరులేని బుల్లి ఫంక్షన్) ఒక్క వరస చాలు. ఆ వరసలో బిల్లు క్లాసులోని మెథడ్‌ని పిలవాలి గానీ, జీఎస్టీ లెక్కలు అక్కడే కట్టకూడదు. అలా కడితే నీ తమ్ముళ్లే 23 మంది తయారవుతారు.

సేవ్‌ని పొద్దున్నే నీ దగ్గర్నుంచి లాక్కున్నాం. ప్రింట్ వంతు సోమవారం. ‘క్లియర్’ని ప్రస్తుతానికి ఉంచుకో, దాని పేరు మార్చమని ఇంకా ఎవరూ అడగలేదు.