రెండో ఆట మీద బతికిన బజారు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఆటో ఎక్కి, ఎప్పుడో మూతపడ్డ టాకీసు పేరు చెప్పండి. ఆటో నడిపే పిల్లగాడు అందులో ఒక్క ఆట కూడా చూసి ఉండడు. అయినా తిన్నగా తీసుకెళ్లి అక్కడే దింపుతాడు. పాలమూరులోనూ ఇదే తీరు.

పాత టాకీసు ముచ్చట రాసేవాళ్లు ఈలలు, ఎగిరే కాగితాల దగ్గరే ఆగిపోతారు. నాకైతే అసలు చరిత్ర ప్రహరీ బయటే ఉందనిపిస్తుంది. సైకిల్ స్టాండు మనిషి అట్టముక్కను రెండుగా చింపి, సగం హ్యాండిల్‌కు తగిలించి, సగం మన చేతిలో పెట్టేవాడు. రెండో ఆట విడిచేసరికి అర్ధరాత్రి దాటేది. మిర్చి బండి పొయ్యి అప్పటిదాకా మండుతూనే ఉండేది. బస్సు దొరకని ఊళ్లవాళ్లు బస్టాండులో తువ్వాల పరుచుకునేవారు.

ఆ బజారును బతికించింది రీలు. ఒక్కో రీలు దాదాపు 1000 అడుగులు, తెర మీద పదకొండు నిమిషాలు. ప్రింటు ఖరీదైన సరుకు, అందుకే కొన్నే తీసేవారు. పట్నంలో ఆడాకే డబ్బాలు జిల్లాకు, ఆ తర్వాతే చిన్న ఊళ్లకు. డబ్బా వచ్చేదాకా ఆగలేనివాళ్లు జిల్లా కేంద్రానికి బస్సెక్కాల్సిందే. సినిమా అట్లా వారాల తరబడి నడిచేది, దాంతోపాటే మిర్చి బండీ.

డిజిటల్ వచ్చాక అన్ని ఊళ్లలో ఒకటే శుక్రవారం. మూడు రోజుల్లో అందరూ చూసేస్తే, సోమవారం పొద్దుటాటకు అంత పెద్ద హాల్లో కరెంటు ఖర్చు కూడా రాదు. టీవీ చంపింది, ఫోను చంపింది అంటారు. అది సగమే నిజం. సినిమా ఆడే రోజులు తరిగిపోవడమే అసలు దెబ్బ. ఊరి నడిమధ్య అంత జాగా ఉన్న యజమాని ఫంక్షన్ హాలు కట్టుకుంటే తప్పెట్లా పడతాం?

రాష్ట్రానికి 2017లో వారసత్వ చట్టమైతే వచ్చింది. టాకీసు గోడలు నిలబెట్టమని నేను అడగను. నా బాధంతా డీసీఆర్‌ల గురించే. రోజువారీ వసూళ్ల కాగితాలవి, టాకీసు పడగొట్టేటప్పుడు తూకానికి పోతాయి. సంతరోజు నేల టికెట్లు ఎన్ని తెగాయి, బొంబాయి వలస వెళ్లినవాళ్లు పండుగకు తిరిగొచ్చిన వారం పాలమూరులో వసూలు ఎంత లేచింది, అన్నీ వాటిలోనే దొరకాలి. జిల్లా గ్రంథాలయంలో ఒక్క బీరువా ఖాళీ చేస్తే పట్టేస్తాయి.