నాసాకు ఓరుగల్లు సలహాదారు కావలెను

రాజముద్రల మీద మనోళ్లు అనవసరంగా కొట్లాడుతారని ఒక అపవాదు ఉంది. 2024లో తెలంగాణ చిహ్నంలోంచి కాకతీయ కళాతోరణం, చార్మినార్ తీసేస్తారన్న మాట పొక్కగానే ఎంత రచ్చయిందో, కొత్త చిహ్నం ఎట్లా వాయిదా పడ్డదో చూసి "వీళ్లకు వేరే పని లేదా?" అని మూతి విరిచిన పెద్దమనుషులున్నారు. వాళ్లంతా ఒక్కసారి నాసా దిక్కు చూడాలని మనవి.

1959లో, సంస్థ పుట్టిన మరుసటేడు, జేమ్స్ మోడరెల్లి అనే సొంత ఉద్యోగే దాని గుర్తు గీశాడు. నీలం గోళం గ్రహానికి, చుక్కలు అంతరిక్షానికి, ఎర్ర రెక్క విమానశాస్త్రానికి, చుట్టూ తిరిగే గీత ఉపగ్రహానికి. ఏ శాఖా అలగకుండా అందరికీ తలా ఇంత పంచిన బొమ్మ. మీట్‌బాల్ (మాంసపు ఉండ) అనే పేరు తర్వాత అంటుకుంది. దాంతో చిక్కల్లా ఆ కాలపు అచ్చులో సరిగ్గా పడకపోవడమే.

అందుకని 1975లో రిచర్డ్ డానే, బ్రూస్ బ్లాక్‌బర్న్ కొత్తది చేసిచ్చారు. ఒకే మందంతో వంపులు తిరిగిన నాలుగు ఎర్రని ఇంగ్లీషు అక్షరాలు, అంతే. దాని పేరు వర్మ్, అంటే పురుగు. వ్యాను మీద ఎట్లా వేయాలో, కవరు మీద ఎట్లా వేయాలో చెప్పడానికి ఒక మాన్యువలే అచ్చేశారు. ఆ గుర్తులోని రెండు 'ఏ'లకు అడ్డగీతల్లేవు. అప్పటి నాసా అధిపతి జేమ్స్ ఫ్లెచర్‌కు ఇది మింగుడుపడలేదట. గీతలు లేకపోతే పెట్టిన పైసలకు తగ్గ సరుకు రానట్టుందని బాధపడ్డాడని డానేయే తర్వాత చెప్పుకున్నాడు. చదరపు అడుగు లెక్కన ఫ్లెక్సీలు కొట్టించుకునే మనకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

నిపుణుల అభిప్రాయం కోసం హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక ఫ్లెక్సీ తమ్ముడికి రెండు గుర్తులూ చూపించాను. మౌస్ వదలకుండానే తీర్పిచ్చాడు. "దీంట్ల ఫాంట్ ఎగిరిపోయిందన్నా, అడ్డగీతలు నేనేస్త తియ్. గిది మంచిగనే ఉంది గని, గింత గుండ్రం పెట్టి నడుమ ఎవ్వల ఫోటో పెట్టలేదేంది?"

అమెరికాలో ఇంత లోతుగా ఆలోచించినవాళ్లు లేరు. 1984లో వర్మ్‌కు అధ్యక్షుడి పేరిట డిజైన్ పురస్కారం ఇచ్చి, 1992లో దాన్నే పీకేశారు. అప్పటికి ఛాలెంజర్ వ్యోమనౌక కూలిపోయింది, హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ అద్దం తప్పుగా అరగదీసిన సంగతి బయటపడింది, ఉద్యోగులు డీలాపడ్డారు. కొత్తగా వచ్చిన అధిపతి డేనియల్ గోల్డిన్ చేసిన వైద్యం పాత మీట్‌బాల్‌ను మళ్లీ తేవడం. హబుల్‌కు చూపు 1993 డిసెంబరు దాకా రాలేదు గానీ, గుర్తు మాత్రం ఏడాది ముందే బాగైంది. బోర్డు మారితే సగం పాలన జరిగినట్టేనని మనకు తెలియనిదా? 2021లో వరంగల్ అర్బన్ జిల్లా ఒక్క రోజులో హన్మకొండ జిల్లా అయిపోలేదూ! ముద్రలు, లెటర్‌హెడ్లు, పంచాయతీ గోడలు అన్నీ తిరగరాసుకున్న అనుభవం మనది. (ఆ రంగు ఖర్చును ప్రజాసంక్షేమం కిందే లెక్కేయాలని నా అభిప్రాయం.)

పీకేసిన వర్మ్ 2020లో స్పేస్‌ఎక్స్ రాకెట్ మీద తిరిగొచ్చింది. 2022లో చంద్రుడి దిక్కు పోయిన ఆర్టెమిస్-1 రాకెట్ బూస్టర్ల మీద కూడా ఎర్రగా నిలబడింది. అధికారిక గుర్తు మాత్రం మీట్‌బాలే. అంటే పదవి ఒకరికి, ఊరేగింపు ఇంకొకరికి. ఈ రాజీ సూత్రం వాళ్లకు తట్టడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. మన దగ్గర టికెట్ రాని నాయకుడికి కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇచ్చేందుకు నాలుగు నెలలు చాలు.

కాబట్టి కేంద్రం తక్షణం కల్పించుకుని, ఓరుగల్లు నుంచి ఒక సలహా బృందాన్ని వాషింగ్టన్ పంపాలి. బృందం షరతులు పెద్దవేం కావు: అక్షరాలకు అడ్డగీతలు, మీట్‌బాల్ అంచున వార్డు నాయకుల ఫోటోలకు ఆరు గుండ్రాలు, కింద "శుభాకాంక్షలతో" అని ఒక పట్టీ. ఫ్లెక్సీ తమ్ముడు సగం అడ్వాన్సు అడుగుతున్నాడు.