ఆ పదిహేను ఫోటోలూ నేను తీసినవే

ఇప్పుడే షాపు షట్టర్ దించి ఇంటికి వచ్చాను. అన్నం కూడా తినలేదు. ఇది రాస్తే తప్ప నాకు నిద్ర పట్టదు.

నెల కిందట ఒకాయన వచ్చారు. కొత్తిల్లు కట్టుకున్నారు, హాల్లో పెట్టుకోవడానికి మన నల్లగొండ పక్కనున్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఫోటో కావాలన్నారు. "గుడి ముంగట ఒక్క మనిషి గూడ కనబడొద్దు తమ్మీ" అని గట్టిగా చెప్పారు. ఫ్రేముతో కలిపి 2,500 మాట్లాడుకున్నాం. ఇవాళ పొద్దున వచ్చి ఫోటో చూసి, "మనుషులను ఎట్ల తీసేసినవ్? ఏఐ గదా? మా పిల్లగాడు ఫోన్ల రెండు నిమిషాలల్ల చేస్తడు, గిదానికి రెండున్నర వేలా?" అన్నారు. టేబుల్ మీద 1,000 పెట్టి ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. షాపులో ఇంకో నలుగురున్నారు, వాళ్ల ముందే.

ఏఐ అట.

ఆ ఫోటో కోసం నేను రెండు ఆదివారాలు పొద్దున ఆరున్నరకే పానగల్ వెళ్లాను. ట్రైపాడ్ పెట్టి, ఫోకస్, వెలుతురు, రంగు అన్నీ మాన్యువల్‌లో ఒకేచోట ఆపేసి, కెమెరా వెంట్రుకవాసి కదలకుండా నిమిషానికొకటి చొప్పున పదిహేను ఫోటోలు తీశాను. భక్తులు వస్తుంటారు, పోతుంటారు, సెల్ఫీలు తీసుకుంటుంటారు. వాళ్లను జరగమని నేను ఎవరినీ అడగలేదు. గుడి వాళ్లది, నాది కాదు.

ఇంటికొచ్చాక ఆ పదిహేనింటినీ ఇమేజ్‌మ్యాజిక్‌తో కలిపాను. 1987లో డ్యుపాంట్ కంపెనీలో పనిచేస్తూ జాన్ క్రిస్టీ అనే ఆయన రాయడం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. 1990లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు, ఇప్పటికీ ఉచితమే. దీనికి బటన్లు, బొమ్మలు ఏమీ అక్కర్లేదు. నల్ల స్క్రీన్ (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి మ్యాజిక్ అని టైప్ చేసి, పదిహేను ఫైళ్ల పేర్లు ఇచ్చి, హైఫన్ పెట్టి ఎవాల్యుయేట్-సీక్వెన్స్ అని, పక్కన మీడియన్ అని రాసి, చివర కొత్త ఫైల్ పేరు ఇవ్వాలి. అంతే, ఒక్క వాక్యం. దాన్నే కమాండ్ అంటారు.

అది చేసేది ఏమిటంటే, ఫోటోలో ప్రతి చుక్క దగ్గరా ఆగి, పదిహేను ఫోటోల్లో ఆ చోట ఏముందో చూస్తుంది. పదిహేనింటినీ నలుపు నుంచి తెలుపు వరకు వరుసలో పెట్టి, సరిగ్గా నడిమధ్యన ఉన్న ఎనిమిదోదాన్ని తీసుకుంటుంది. ఒక చోట ఎర్రచీర ఆమె నాలుగు ఫోటోల్లో నిలబడి ఉంటే, మిగతా పదకొండింటిలో అక్కడ ఉన్నది రాయే. కాబట్టి రాయే మిగులుతుంది. అదే ఏఐ అయితే ఆమె వెనక ఏముందో ఊహించి గీస్తుంది. స్తంభం మీది చెక్కడాన్ని కూడా ఊహించే గీస్తుంది. కందూరు చోడుల కాలంలో శిల్పి ఉలితో చెక్కినదానికి బదులు ఇంకేదో కనిపించినా మనకు తెలియదు. నా ఫోటోలో ప్రతి చుక్కా ఆ ఉదయం నా కెమెరా చూసినదే.

దీనికి సాక్ష్యం కావాలా? మొదటి ఆదివారం ఒక తాత స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. పదిహేను ఫోటోలు అయ్యేదాకా లేవలేదు. అందరూ మాయమయ్యారు, తాత మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నారు. అందుకే రెండో వారం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఏఐ అయితే నాకు ఆ రెండో ప్రయాణం ఎందుకు?

మీడియన్ బదులు మీన్ అని రాస్తే సరాసరి తీస్తుంది. నేను మొదట అదే చేశాను. మనుషులు పోలేదు, అందరూ పొగలాగా మిగిలారు. కానీ అదే మీన్ రాత్రి ఫోటోలకు బంగారం. పానగల్‌లోని ఉదయసముద్రం చెరువు కట్ట మీద నుంచి చీకట్లో పదహారు ఫోటోలు తీసి కలిపితే, ఆ గింజ గింజగా కనిపించే నాయిస్ నాలుగో వంతుకు పడిపోతుంది. నా పాత కంప్యూటర్‌కు పదహారు పెద్ద ఫోటోలు ఒకేసారి తెరవాలంటే మెమరీ చాలదు, ముందు సైజు తగ్గించుకోవాలి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఫెయిలై ఫెయిలై నేర్చుకున్నాను.

ఎవరూ నేర్పలేదు అన్నాను కదా, అసలు మంట అక్కడుంది.

పన్నెండేళ్ల కిందట ఒక స్టూడియోలో పనికి చేరాను. లైట్లు మోయడం, ఆల్బమ్‌లు అతికించడం నా పని. ఫోటోలు కలిపే పని వచ్చిందంటే చాలు, ఓనర్ నన్ను చాయ్‌కి పంపించేవాడు. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మార్చేసేవాడు. మా నాయన పోయాక మా అక్క పెళ్లయింది. పీటల మీద అమ్మ పక్కన నాయనను కలిపి ఒక్క ఫోటో చేసిమ్మని అడిగాను. నేర్పితే నేనే చేసుకుంటానని కూడా అన్నాను. ఆ రోజు కూడా నన్ను చాయ్‌కే పంపాడు. మా నాయన ఫోటో అది! జీతంలో 800 పట్టుకున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నాయన మెడ దగ్గర అంచు తెల్లగా తేలి కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నా చేత్తో చేసుంటే బాగుండేదని ప్రాణం ఉసూరుమంటుంది. నాయన ఆ పెళ్లిలో లేడని మాకు తెలుసు. అయినా ఆ ఫోటోను దొంగది అని ఎవరూ అనలేదు. ఉన్న గుడిని ఉన్నట్టు తీస్తే దొంగది అన్నారు.

కంప్యూటర్ సెంటర్‌లోనూ ఇదే కథ. నల్ల స్క్రీన్ ముట్టుకోవద్దు, సిస్టమ్ పాడైతది అని భయపెట్టేవారు. ఇమేజ్‌మ్యాజిక్ పాత వెర్షన్‌లో కన్వర్ట్ అని రాయాలి. విండోస్‌లో అదే పేరుతో డిస్క్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైళ్లు దాచే పద్ధతిలోకి మార్చే వేరే కమాండ్ ఉంది. పాత వీడియో చూసి అదే టైప్ చేస్తే అర్థం కాని ఎర్రర్ వస్తుంది, పిల్లలు తమదే తప్పనుకుని వదిలేస్తారు. కొత్త వెర్షన్‌లో మ్యాజిక్ అని రాస్తే ఈ గొడవ లేదు. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లుంటే నాకు మూడు నెలలు మిగిలేవి.

అందుకే పైన కమాండ్ మొత్తం రాశాను. మన నల్లగొండలో, సూర్యాపేటలో, మిర్యాలగూడలో స్టూడియోల్లో పనిచేసే తమ్ముళ్లు ఎవరైనా సరే, నేర్చుకోవాలంటే వచ్చే ఆదివారం ఆరున్నరకు గుడి దగ్గరికి రండి. ట్రైపాడ్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే నాది వాడుకుందాం. తాత ఉన్న ఫోటో రేపే ప్రింట్ వేయిస్తున్నాను. ఒకటి షాపులో గోడకు పెడతాను, ఇంకోటి ఆయన కనిపిస్తే ఇవ్వాలని వెంట తెస్తాను.